దూలం మీద నీలి గీతలు

ఒక సందేహం నన్ను ఏళ్ళ తరబడి వదలలేదు. ఒకే ఉద్యోగం కోసం ఇద్దరు తల్లులు ఒకే పునీతుడి ముందు కొవ్వొత్తులు వెలిగిస్తే ఆయన ఎవరి మాట వినాలి? మా ఆవిడ అన్యేజె తన తమ్ముడి పరీక్ష కోసం వెలిగించిన కొవ్వొత్తి పక్కనే, అదే పరీక్ష కోసం ఇంకో తల్లి వెలిగించిన కొవ్వొత్తిని నేను కళ్ళారా చూశాను. మా చర్చి ఫాదర్‌ని అడిగితే ఆయన నవ్వాడు. "దేవుడు పరీక్ష బోర్డులో సభ్యుడు కాడు బొర్దిన్. ఆయన్ని అందులోకి లాగకు" అన్నాడు. నేనూ నవ్వాను గాని సందేహం తీరలేదు. ఆయన లేని బోర్డులో మరెవరి మాట చెల్లుతున్నట్టు?

పవిత్ర వారం సోమవారం పొద్దున్న ఇంజనీరింగ్ శాఖాధిపతి ప్రొఫెసర్ మల్వెస్తియో గదిలో కూర్చున్నప్పుడు ఈ సందేహమే మళ్ళీ కదిలింది. కాస్తెల్వేరో ఊరి కరబినియేరి పోలీసు ఠాణాకి నేను మరెషాల్లోని, అంటే పెద్దని, కాబట్టి ఫిర్యాదు నాకు వచ్చింది. నాకంటే ముందే వచ్చి కిటికీ పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మనిషి ఆర్థిక పోలీసు కెప్టెన్ సక్కొమాని. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. చదువులో, హోదాలో, బూట్ల మెరుపులో నాకన్నా పైవాడు.

"మరెషాల్లో, మీరు శ్రమపడి రానక్కర్లేదు. విశ్వవిద్యాలయం నియామకాల మీద నాకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చి నెలైంది. ఇది కూడా నా ఫైల్లోదే" అన్నాడు.

"విరిగింది దూలం కదా కెప్టెన్ గారూ. డబ్బు విరిగితే మీది. వస్తువు విరిగితే మా ఠాణాది" అన్నాను.

మల్వెస్తియో గొంతు సవరించుకున్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి. మాట మెత్తన. విషయం చెప్పాడు.

శాఖలో ప్రొఫెసర్ పదవి ఒకటి ఖాళీ ఉంది. దానికి పోటీ పరీక్ష ఎల్లుండి బుధవారం. అయిదుగురు పెద్దలున్న బోర్డు ముందు, జనం సమక్షంలో అభ్యర్థులు పాఠం చెప్పాలి. నిలిచినవాళ్ళు ఇద్దరు. ఒకడు మల్వెస్తియో శిష్యుడు. రెండోది నీవెస్ ఫుర్లానెత్తో అనే పరిశోధకురాలు. ఆమె మూడేళ్ళుగా ల్యాబులో ఒక కాంక్రీటు దూలానికి ఇనప దిమ్మలు వేలాడదీసి, అది ఎంత నెమ్మదిగా వంగుతుందో కొలుస్తోంది. వచ్చే నెలలో దాన్ని విరగ్గొట్టి ఫలితం ప్రకటించాలి. ఈ పొద్దున్న చూస్తే దూలం రెండు ముక్కలై ఉంది.

"ఆవిడే విరగ్గొట్టిందని మీ ఫిర్యాదు" అన్నాను.

"తన లెక్క తప్పని తేలబోతోందని భయపడి ఉంటుంది. ల్యాబు తాళం చెవి నా దగ్గర ఒకటి, ఆమె దగ్గర ఒకటి. నేను ఆదివారమంతా మా అత్తగారింట్లో ఉన్నాను. విచారణ తేలేదాకా ఆమెను పరీక్షకి దూరంగా ఉంచమని విశ్వవిద్యాలయం పెద్ద రెక్టరు గారికి రాశాను. ఆయన రేపు సాయంత్రం నిర్ణయిస్తారు."

"ఈ పదవికి మొదట ఎంతమంది దరఖాస్తు పెట్టారు?"

"పదకొండు మంది."

"ఇద్దరే మిగిలారేం?"

"తప్పుకున్నారు."

"అందరికీ ఒక్కసారే జ్వరం వచ్చిందా?"

కెప్టెన్ చిన్నగా నవ్వాడు. మల్వెస్తియో నవ్వలేదు. "మీరు బయటివారు మరెషాల్లో గారూ. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి వంతు అయితే వాళ్ళకి మిగతావాళ్ళు దారి ఇస్తారు. రేపు వీళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఇస్తారు. ఇందులో నేరం లేదు, మర్యాద ఉంది."

"మరి ఫుర్లానెత్తో గారి వంతు ఎప్పుడు?"

"వస్తుంది. ఓపిక పట్టాలి."

"ఆవిడ ఒప్పందం ఎప్పటిదాకా?"

"వచ్చే నెలాఖరు."

"ఆ తర్వాత?"

"చట్టం ప్రకారం ఇక పొడిగించడానికి లేదు."

అంటే వంతు వచ్చేటప్పటికి ఆవిడ ఇక్కడ ఉండదు. ఈ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

*

ల్యాబు ఒక పెద్ద రేకుల షెడ్డు. గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద దాన్ని కట్టించిన ప్రొఫెసర్ ఒత్తొరీనో జంకాన్ పేరు ఉంది. లోపల పసుపు రంగు ఇనప చట్రం, దాని కింద రెండు ముక్కలైన దూలం. పక్కలకి సున్నం పూసి ఉంది. చిన్న బీట వచ్చినా కనబడాలని అలా పూస్తారట. ఇనప దిమ్మలు నేల మీదికి దిగబడి ఉన్నాయి.

నీవెస్ ఫుర్లానెత్తో అక్కడే నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. జుట్టు రబ్బరుతో వెనక్కి కట్టేసుకుంది. చచ్చిపోయిన ఇంటి మనిషిని చూస్తున్నట్టు దూలం వైపు చూస్తోంది.

"ఆదివారం ఎక్కడున్నారు?" కెప్టెన్ మొదలుపెట్టాడు.

"కొండ మీద మా ఊళ్ళో. అమ్మ దగ్గర."

"అమ్మ మాట సాక్ష్యం కాదు."

"అయితే మా అమ్మ కోళ్ళని అడగండి. మేత వేసింది నేనే."

కెప్టెన్‌కి ఆ జవాబు నచ్చలేదు. యంత్రాల బల్ల వైపు చెయ్యి చూపించాడు. "కంప్యూటర్లో ఆదివారం ఏ నమోదూ లేదు. అంటే విరగ్గొట్టినవాళ్ళకి దాన్ని ఆపడం తెలుసు. బయటి దొంగ అయితే వైర్లు తెంపేవాడు. ఇది లోపలి మనిషి పనే, మరెషాల్లో. ఇంకేం కావాలి మీకు?"

నేను జవాబివ్వకుండా చట్రం చుట్టూ తిరిగాను. కంప్యూటర్‌ని ఎవరూ ఆపలేదు. అసలు ముట్టుకోలేదు. దాని మీద పల్చటి దుమ్ము చెదరకుండా ఉంది. దూలం మీద బిగించి ఉన్నది కొత్త యంత్రం కాదు. ఓ మూలన పడి ఉండాల్సిన పాత చేతిపంపు జాకీ, కంప్యూటర్‌కి ఏ వైరూ కలపనిది. పక్కన ఒక కుర్చీ, దాని మీద మడిచి వేసిన గోనెపట్టా. పంపు కొట్టి కొట్టి, మధ్యలో కూర్చుని, మళ్ళీ లేచి కొట్టినట్టుంది.

"ఈ కుర్చీ ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"లేదు. ఆఫీసు గదిలోది" అంది నీవెస్.

వంగి దూలం విరిగిన చోట చూశాను. సున్నం మీద సన్నటి బీటలు కిందినుంచి పైకి పాకాయి. ప్రతి బీట పక్కనా, దాన్నే అంటిపెట్టుకుని, నీలి పెన్సిలుతో ఒక గీత. గీత కొసన చిన్న అడ్డగీత. దాని పక్కన అంకె. ఒకచోట నాలుగు, కాస్త పైన అయిదు, ఇంకా పైన ఆరు.

"ఇవి పాతవి" అన్నాడు కెప్టెన్.

"శుక్రవారం సాయంత్రం తీసిన ఫోటో ఉంది. చూడండి" అంటూ నీవెస్ తన ఫోను చాపింది. ఫోటోలో దూలం పక్కలు తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి.

"అంటే ఈ గీతలు గీసింది విరగ్గొట్టిన మనిషే" అన్నాను. "మేడం, నేను బడి చదువు దాటనివాణ్ణి. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. దొంగతనంగా విరగ్గొట్టేవాడు మధ్య మధ్యలో ఆగి బీటల పక్కన గీతలెందుకు గీస్తాడు?"

ఆమె దగ్గరికి వచ్చి ఆ అంకెలు చూసింది. ఆమె మొహంలో రంగు మారింది.

"అందరం గీస్తాం" అంది చివరికి. "బరువు కొంచెం పెంచి ఆపుతాం. బీట ఎక్కడిదాకా వచ్చిందో గీసి, కొసన బరువు రాస్తాం. మళ్ళీ పెంచుతాం. చదువుకునే రోజుల్లో మొదట నేర్పేది ఇదే. తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది."

"అలవాటు లేనివాడు గీయడు."

"అలవాటు ఉన్నవాడు ఆపుకోలేడు."

"ప్రొఫెసర్ మల్వెస్తియోకి ఉందా ఈ అలవాటు?"

ఆమె పెదవి ఒక పక్కకి వంగింది. "ఆయన దూలాన్ని ముట్టుకుని చాలా ఏళ్ళయింది. ఈ మధ్య బోర్డుల్నే వంచుతున్నారు."

మూలన పారేసిన కాంక్రీటు ముక్క ఒకటి ఉంటే తెప్పించాను. "మీరు పరీక్ష చేస్తున్నారనుకోండి. ఆ దూలం మీద ఆరు అని ఉన్న బీట లాంటిదే ఇక్కడ వచ్చింది. అంతే బరువు దగ్గర. మీరు ఎలా గీస్తారో గీయండి."

ఆమె జేబులోంచి నల్ల స్కెచ్ పెన్ను తీసి, బీట పక్కన గీత గీసి, అరవై అని రాసింది. రాసిన తర్వాత గాని నేనెందుకు అడిగానో ఆమెకి తట్టలేదు. పెన్ను మూత పెట్టేసింది.

"అక్కడ ఆరు, ఇక్కడ అరవై."

"బరువు ఒకటే. మేం కొత్త కొలతల్లో, కిలోన్యూటన్లలో రాస్తాం. అది టన్నుల్లో ఉంది."

"ఇప్పుడు టన్నుల్లో ఎవరు రాస్తారు?"

"ఎవరూ రాయరు."

"ఎవరో రాశారు కదా."

"మరెషాల్లో గారూ, మీరు అడిగినవన్నీ చెప్పాను. ఇది మాత్రం చెప్పను."

"తెలియదంటారా?"

"తెలియదని అనలేదు. చెప్పను అన్నాను."

కెప్టెన్ చప్పట్లు కొట్టినట్టు అరచేతులు కలిపాడు. "ఇంకేముంది. ఎవరినో కాపాడుతోంది. అంటే తనని తానే. మేడం, పేరు చెబితే ఎల్లుండి పరీక్షకి కూర్చుంటారు. చెప్పకపోతే రేపు సాయంత్రం రెక్టరు మిమ్మల్ని ఇంటికి పంపిస్తారు. పన్నెండేళ్ళ చాకిరీ నీళ్ళల్లో పోతుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే మాట్లాడుతున్నాను కెప్టెన్ గారూ" అని ఆమె బయటికి వెళ్ళిపోయింది.

నేను మరోసారి చట్రం వైపు చూశాను. పసుపు రంగు ఇనప స్తంభానికి, కంటికి ఆనే ఎత్తులో, మేకు సందులో ఒక ఆకుపచ్చ రెమ్మ గుచ్చి ఉంది. ఆలివ్ రెమ్మ. కాడకి పసుపుపచ్చ ఊలు దారం చుట్టి ఉంది. ఆకులు ఇంకా వాడలేదు.

"చెత్త" అన్నాడు కెప్టెన్.

"నిన్న మట్టల ఆదివారం" అన్నాను.

"అయితే?"

ఆయనకి తెలియకపోవడం తప్పు కాదు. గుడికి వెళ్ళని మనిషికి అది చెత్తే. మట్టల ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర అందరికీ ఆలివ్ రెమ్మ ఇస్తారు. ఇంటికి తెచ్చుకుని మంచం పైనో తలుపు పైనో గుచ్చుకుంటాం. ఏడాదంతా అక్కడే ఉంటుంది. పాపం చెయ్యబోయేవాడు దీవించిన రెమ్మని జేబులో పెట్టుకు రావచ్చు. కాని దాన్ని తీసి, పని మొదలుపెట్టేముందు ఎదురుగా గుచ్చుకునేవాడు తను చేసేది పాపం అనుకోవడం లేదు.

బయటికి వచ్చి ఇంటికి ఫోను చేశాను.

"ఏమయ్యా, అన్నానికి రావడం లేదని చెప్పడానికేనా?" అంది అన్యేజె.

"కాదే. నిన్న మీరంతా కూర్చుని రెమ్మలు కట్టారు కదా. మన గుడిలో ఏ దారం?"

"ఎర్ర రిబ్బను. నీ ఎదురుగానే కదా కట్టాం. నువ్వు పక్కన కూర్చుని బిస్కెట్లు తిన్నావు."

"పసుపుపచ్చ ఊలుతో ఎవరు కడతారు?"

"కార్మెల్ మఠం సిస్టర్లు. వాళ్ళ దగ్గర మిగిలిపోయిన ఊలు తప్ప ఇంకేం ఉంటుంది పాపం. ఎందుకు?"

"అక్కడ పొద్దుటి పూజకి ఎవరు వెళ్తారు?"

"ముసలివాళ్ళు నలుగురైదుగురు. మన మందుల షాపు ఆవిడ తల్లి. ఇంకా ఆ పెద్దాయన, బో టై కట్టుకుంటాడే, ఇంజనీరు, జంకాన్. ఏమయ్యా, ఆయనకేం కాలేదు కదా? ఎనభై దాటాయి."

"ఇంకా ఏం కాలేదు" అన్నాను. గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద ఆ పేరు ఎండకి మెరుస్తోంది.

*

మంగళవారం మధ్యాహ్నం జంకాన్ గారింటికి వెళ్తే తలుపు ఆయనే తీశారు. బో టై కట్టుకుని ఉన్నారు.

"ఎప్పుడో ఒకప్పుడు వస్తారనుకున్నాను" అన్నారు. "లోపలికి రండి. మెట్టు చూసుకోండి, ఎత్తు."

గదిలో ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. కుడి చేతి బొటనవేలి గోరు కింద ఇంకా కాస్త నీలి రంగు.

"ల్యాబుకి రెండే తాళం చెవులన్నారు" అన్నాను.

"పక్క తలుపుది మూడోది ఉంది. నేను రిటైరైనప్పుడు ఎవరూ అడగలేదు. గురువుని తాళం చెవి అడగడానికి మొహమాటపడ్డారు."

"దూలాన్ని ఎందుకు విరగ్గొట్టారు?"

"తెలుసుకోవడానికి." ఆయన గొంతులో తడబాటు లేదు. "ఇటువంటి దూలం ఎంత మొయ్యగలదో చెప్పే సూత్రం నాది. ముప్ఫై ఏళ్ళుగా అందరూ దానితోనే కడుతున్నారు. నాలుగేళ్ళ క్రితం నీవెస్ వచ్చి, 'సార్, ఇది తప్పు. దీర్ఘకాలం బరువు మోస్తే ఇవి మీరన్నంత నిలవవు' అంది. కాగితం మీద చూపించింది. నేను కాగితాన్ని నమ్మను, దూలాన్ని నమ్ముతాను అన్నాను. అందుకే ఆ పిల్ల మూడేళ్ళు దిమ్మలు వేలాడదీసుకుని కూర్చుంది."

"వచ్చే నెలలో తేలేది కదా."

"మల్వెస్తియో పరీక్షని ఈ నెలలో పెట్టాడు. ఫలితం లేకుండా ఆ పిల్ల బోర్డు ముందు నిలబడాలి. వాళ్ళు నా సూత్రాన్నే చూపించి ఆమెని నోరెత్తనివ్వరు. నా పేరుతో నా శిష్యురాలి గొంతు నొక్కుతారు. అది చూస్తూ ఊరుకోలేకపోయాను. పైగా నాక్కూడా ఎంతో కాలం లేదు. నేను సరైనవాణ్ణో కాదో తెలియకుండా పోవడం ఇష్టం లేదు. ఆదివారం పూజ నుంచి అటే వెళ్ళాను."

"ఎంతకి విరిగింది?"

"నా సూత్రం ప్రకారం తొమ్మిది టన్నులు మొయ్యాలి." ఆయన కిటికీ వైపు చూశారు. "ఆరు గీత గీసి పంపు మీద మళ్ళీ చెయ్యి వేశాను. ఏడు రాసే అవసరం రాలేదు."

గోడ మీద శిలువ, దాని వెనక పోయిన ఏడాది ఎండిపోయిన రెమ్మ. దాన్ని ఇంకా మార్చలేదు.

"మీరు ఈ మాట సోమవారం పొద్దున్నే చెప్పి ఉంటే ఆ అమ్మాయి మీద ఫిర్యాదు వచ్చేది కాదు ప్రొఫెసర్ గారూ."

"చెప్పాను."

నేను తలెత్తాను.

"ఆదివారం మధ్యాహ్నమే మల్వెస్తియోకి ఫోను చేశాను. సాయంత్రం ఇక్కడికే వచ్చాడు, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. అంతా విన్నాడు. 'గురువుగారూ, మీ పేరు పాడైపోతుంది, నోరు మూసుకోండి, నేను చూసుకుంటాను' అన్నాడు. నా మంచికే అనుకున్నాను. వాడు ఆమె మీద ఫిర్యాదు పెట్టాడని ఈ పొద్దున్న పాలవాడు చెబితే తెలిసింది. అప్పుడే బట్టలు మార్చుకుని మీ దగ్గరికి బయలుదేరుతున్నాను. మోకాళ్ళు సహకరించక ఆలస్యమైంది."

అత్తగారింట్లో ఉన్నానన్న పెద్దమనిషి ఇక్కడ ఈ కుర్చీలో ఉన్నాడు. ఎవరు విరగ్గొట్టారో తెలిసి, తెలియనట్టు ఫిర్యాదు రాశాడు. నా వృత్తిలో దీనికి ఒక పేరుంది. అమాయకుల మీద తెలిసి తెలిసి నేరం మోపడం దూలం విరగ్గొట్టడం కంటే పెద్ద నేరం.

లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. చదువుకున్నవాళ్ళ మధ్య అడగడానికి సిగ్గుపడేంత మామూలు ప్రశ్న.

"ప్రొఫెసర్ గారూ, ఈ రకం దూలాలు ఎక్కడెక్కడ ఉన్నాయి?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఆ మాట కూడా మల్వెస్తియోకి చెప్పాను. మొట్టమొదట వేసింది మా శాఖ పెద్ద హాలు కప్పుకే. ముప్ఫై ఏళ్ళయింది. పోయిన వేసవిలో దాని పైన చల్లగాలి యంత్రాలు కూడా ఎక్కించారు. హాలు మూసెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఈస్టరు తర్వాత చూద్దాం అన్నాడు."

"బుధవారం పరీక్ష ఎక్కడ?"

"ఆ హాల్లోనే" అన్నారాయన. "రెండు వందల మంది పడతారు."

*

నేను వెళ్ళేసరికి హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. అందరినీ బయటికి పంపి, తలుపుకి అడ్డంగా పట్టీ కట్టించాను. అగ్నిమాపక దళానికి ముందే ఫోను చేశాను. వాళ్ళ ఇంజనీరు నిచ్చెన వేసుకుని కప్పు కింది పలకలు ఒకటొకటిగా తీస్తున్నాడు.

మల్వెస్తియో పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే సక్కొమాని.

"ఎవరి అధికారంతో మూస్తున్నారు?" అన్నాడు కెప్టెన్.

"నా అధికారంతోనే. పొరపాటైతే రేపు మీరే నా మీద రాయండి."

"ఒక ముసలాయన మాట పట్టుకుని..." అన్నాడు మల్వెస్తియో.

"ఏ ముసలాయన ప్రొఫెసర్ గారూ?"

ఆయన కెప్టెన్ వైపు తిరిగాడు.

"నేను ఎవరి పేరూ ఎత్తలేదు. మీ అత్తగారింట్లో ఆదివారం సాయంత్రం భోజనం బాగుందా?"

కెప్టెన్ నా వైపు చూశాడు, తర్వాత మల్వెస్తియో వైపు చూశాడు. ఆ కుర్రవాడిలో గర్వం ఉంది గాని మందబుద్ధి లేదు. ఒక్క క్షణంలో అంతా గ్రహించాడు. అప్పుడే పైనుంచి అగ్నిమాపక ఇంజనీరు గొంతు వినిపించింది. చాలా మామూలుగా మాట్లాడుతున్నాడు.

"కింద ఎవరూ నిలబడకండి. మధ్య దూలానికి బీట ఉంది. అందులో నా బొటనవేలు పడుతుంది."

మేమంతా ఒకరి వెనక ఒకరం వరండాలోకి నడిచాం.

"కెప్టెన్ గారూ," అన్నాను, "దూలం విరగ్గొట్టింది జంకాన్ గారు. ఆయన వాంగ్మూలం రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కేసు నాది. తెలిసి తప్పుడు ఫిర్యాదు రాయడం, పదకొండు మందిలో తొమ్మిది మంది తప్పుకోవడం, ఈ రెండూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. అవి మీ ఫైల్లోకి సరిపోతాయేమో చూడండి."

సక్కొమాని కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. "సరిపోతాయి" అన్నాడు. తర్వాత మల్వెస్తియో మోచెయ్యి పట్టుకుని, "మీ గదిలో మాట్లాడుకుందాం ప్రొఫెసర్. ఈసారి కిటికీ పక్కన మీరు కూర్చోండి" అన్నాడు.

ఆ సాయంత్రం రెక్టరు ముందు జంకాన్ వాంగ్మూలం పెట్టాను. ఆయన చదివి, నీవెస్ మీద ఫిర్యాదు చింపి చెత్తబుట్టలో వెయ్యబోయాడు. అది సాక్ష్యం, నాకివ్వండి అని తీసుకున్నాను. పరీక్ష ఆగదనీ, చోటు మారుతుందనీ ఆయన నిర్ణయించాడు. జంకాన్ తన జ్ఞాపకం మీద చెప్పిన మిగతా కప్పుల పేర్లు అగ్నిమాపక దళానికి చేరాయి. చాలావరకు బడుల వ్యాయామశాలలు. ఈస్టరు సెలవులకి పిల్లలు ఇళ్ళల్లో ఉండటం ఒక్కటే మాకు ఊరట. సెలవులు అయిపోతే ఎన్ని తలుపులు మూయించగలనో నాకు తెలియదు.

*

బుధవారం పొద్దున్న పరీక్ష ల్యాబు షెడ్డులోనే పెట్టారు. ఊళ్ళో అంతమంది పట్టే చోటు ఇంకొకటి దొరకలేదు. బోర్డు పెద్దలు అయిదుగురూ కోట్లు విప్పకుండానే మడత కుర్చీల్లో కూర్చున్నారు. మల్వెస్తియో శిష్యుడి పాఠం అయిపోయింది. అతను మర్యాదగానే చెప్పాడు, తడబడకుండా చెప్పాడు. తన తప్పేమీ లేకుండానే తలదించుకుని కూర్చున్నాడు.

నీవెస్ వంతు వచ్చింది. విరిగిన దూలం పక్కన నిలబడింది. చేతిలో నల్ల స్కెచ్ పెన్ను. మొదలుపెట్టేముందు నీలి గీతల వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. రాత్రి ఆమెకి నేనే సంగతంతా చెప్పాను. "నా దగ్గర ఆయన పేరు రాబట్టనందుకు థాంక్స్" అని మాత్రం అంది.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. జంకాన్ గారు లోపలికి వచ్చారు. చేతిలో కర్ర, రెండో చేతి వేలికి రిబ్బను ముడి నుంచి వేలాడుతున్న మిఠాయి పొట్లం. ఆదివారాలు ఊళ్ళో మగవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళే కేకుల పొట్లం అది. అందరూ తలలు తిప్పి చూస్తుంటే ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, దూలం దాకా నడిచారు.

బోర్డు అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. "గురువుగారూ, మీరు కూర్చోండి. అభ్యర్థి పాఠం మొదలవ్వాలి."

"ఒక్క నిమిషం. ఇది పాఠానికి ముందే తీరాలి." ఆయన నీవెస్ వైపు తిరిగారు. "గుర్తుందా, నీ పట్టా పరీక్ష ముందు వేసవిలో మనిద్దరం ఒక దూలం మీద పందెం కాశాం."

నీవెస్ కదలకుండా నిలబడింది. "గుర్తుంది సార్."

"నేను తొమ్మిది మోస్తుందన్నాను. నువ్వు ఏడు దాటదన్నావు. ఓడినవాళ్ళు ఒక పొట్లం కేకులు కొనాలి. అది ఏడు దగ్గరే విరిగింది. నేను యంత్రం తప్పు అన్నాను."

"అన్నారు."

"దాన్ని విప్పి బాగుచేయించమన్నాను కూడా. నువ్వు రెండు రోజులు విప్పావు."

"మూడు రోజులు సార్."

షెడ్డులో ఎవరో నవ్వారు. జంకాన్ కూడా నవ్వారు. కర్రని దూలానికి ఆనించి, పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, విరిగిన ముక్క మీద ఆమె కాగితాల పక్కన పెట్టారు. రిబ్బను ముడి తన పక్కకి వచ్చిందని చూసుకుని, పొట్లాన్ని ఆమె వైపుకి తిప్పారు.

"ఆ రోజు యంత్రం బాగానే ఉంది, నీవెస్" అన్నారు.